పాటను పంచుదాం, పేరును నిలుపుకుందాం



వార్షికోత్సవం దగ్గర పడుతున్నదంటే మన హాస్టల్లో రెండు పక్షాలు తయారవుతాయి. ఒకటి రికార్డింగ్ డాన్సుల పక్షం, రెండోది డప్పుపాటల పక్షం. ఆ తగాదా ఎన్నేళ్లుగానో ఉన్నదే, దాన్ని ఇక్కడ తేల్చే ఉద్దేశం మాకు లేదు. (కరెంటు పోతే ఏ పక్షం ప్రోగ్రాం ఆగుతుందో అందరికీ తెలుసు.) ఈసారి కొత్తగా డప్పు పక్షంలోనే ఒక తగాదా పుట్టింది. స్టేజీ మీద పాడినదాన్ని పాడినట్టు రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టాలా, వద్దా? పెడితే ఊరికే పెట్టాలా?

వద్దనే మిత్రుల మాట కొట్టిపారేసేది కాదు. మన టీమును చుట్టుపక్కల కాలేజీల వాళ్లు, సంఘాల వాళ్లు అంబేద్కర్ జయంతికీ, సావిత్రీబాయి ఫూలే జయంతికీ పిలుస్తున్నారు. బస్సు ఖర్చులు ఇస్తున్నారు, భోజనం పెడుతున్నారు, అప్పుడప్పుడూ ఒక వెయ్యో రెండు వేలో చేతిలో పెడుతున్నారు. "మొత్తం ప్రోగ్రాం ఫోన్లోనే దొరుకుతుంటే మనల్ని పిలిచి అన్నం పెట్టేదెవరు?" అని వాళ్ల ప్రశ్న. రెండో భయం ఇంకా గట్టిది. రెండేళ్ల కిందట మన పిల్లవాడొకడు వార్షికోత్సవంలో పాడిన పాటను ఎవరో తీసుకుపోయి తమ ఛానల్లో పెట్టుకున్నారు. రాసినవాడి పేరు లేదు, పాడినవాడి పేరు లేదు, హాస్టల్ పేరు లేదు. పైన పెట్టిన శీర్షిక మాత్రం 'పేద హాస్టల్ కుర్రాడు పాడితే కన్నీళ్లు ఆగవు' అని. ఆ పాట ఏడుపు పాట కానే కాదు! మెస్ ఛార్జీల మీద రాసిన వెక్కిరింపు పాట. వాళ్లు వినకుండానే జనాన్ని ఏడవమన్నారు.

ఈ రెండు భయాలూ తెలిసే మేం అంటున్నాం. పెట్టాలి, ఊరికే పెట్టాలి. అయితే ఎవరో పెట్టేదాకా ఆగకుండా మనమే పెట్టాలి, రాసినవాడి పేరు, పాడినవాడి పేరు, డప్పు కొట్టినవాడి పేరు, తేదీ, స్థలం అన్నీ వేసి పెట్టాలి.

పాటను ఊరికే ఇస్తే పాటగాడికి గిరాకీ తగ్గుతుందన్న లెక్క మన నేల మీద నిజం కాలేదు. జననాట్యమండలిని తీసుకోండి. 1970ల మొదట్లో బి.నర్సింగరావు గారి 'ఆర్ట్ లవర్స్' నుంచి ఎదిగిన ఆ బృందం వెనుక కంపెనీ లేదు, స్పాన్సర్ లేడు. ఒక గోచి, ఒక గొంగడి, ఒక డప్పు, నాలుగు గొంతులు. ఇవాళ ఇంగ్లీషు పేపర్లు 'ఇండిపెండెంట్ బ్యాండ్' అని గొప్పగా రాసేదానికి ఇంతకంటే వేరే అర్థం ఉందని మేం అనుకోవడం లేదు. ఆ పాటల్ని జనం క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకున్నారు. రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ వాడలో ఒక్కరి ఇంట్లో ఉంటే చాలు, పాట వాడంతా తిరిగేది. ఎన్నోసారి కాపీనో తెలియనంతగా అరిగిపోయిన ఆ టేపుల్లో మైకు కీచుమనడం, జనం ఈలలు, ఎక్కడో కుక్క మొరగడం కూడా వినిపించేవి. మరి పాట ఇంట్లోనే దొరికింది కదా అని సభకు జనం రావడం మానేశారా? 1990 ఫిబ్రవరిలో అజ్ఞాతం నుంచి బయటికొచ్చిన గద్దర్, మనకు నడక దూరంలో ఉన్న నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు జనం లక్షల్లో వచ్చారని చెప్పుకుంటారు. పల్లవులు ముందే నోటికి వచ్చిన జనం వాళ్లు. కోరస్ ఇవ్వడానికే వచ్చారు. 2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయినప్పుడు కూడా ఊరూరా జనం ఆయన పాటలే పాడుకున్నారు గదా. వాటిలో చాలావాటిని ఎవరూ డబ్బు పెట్టి కొన్నవి కావు.

మన కోఠికి కూడా ఈ కథలో భాగం ఉంది. సుల్తాన్ బజార్ వైపు సందుల్లో ఒకప్పుడు ఖాళీ క్యాసెట్లు డజన్ల లెక్కన దొరికేవి. తర్వాత సీడీలు వచ్చాయి, ఆ తర్వాత మెమరీ కార్డులో పాటలు ఎక్కించే దుకాణాలు వచ్చాయి. గుజరాతీ గల్లీకి వెళితే మైకులు, వైర్లు, స్పీకర్లు, వాటిని బాగుచేసేవాళ్లు అందరూ ఉన్నారు. అటు రామ్‌కోఠిలో 1952లో మొదలైన త్యాగరాజ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ వయొలిన్ శ్రుతి చేసుకుంటుంటే ఇక్కడ మన డాబా మీద కాగితాల మంట పెట్టి డప్పు కాపుతుంటాం. ఇంత దగ్గరగా ఉండి కూడా ఈ రెండూ ఒక వేదిక మీద ఎందుకు కలవవు అన్నది వేరే వ్యాసం, వచ్చే సంచికకు ఎవరైనా రాయండి.

పరాయి దేశాల్లో కూడా ఇదే జరిగింది. అమెరికాలో 1965లో మొదలైన 'గ్రేట్‌ఫుల్ డెడ్' అనే బ్యాండ్ ఉండేది. కచేరీకి వచ్చినవాళ్లు టేప్‌రికార్డర్లు తెచ్చుకుని రికార్డు చేసుకుంటుంటే వాళ్లు గెంటేయలేదు. పైగా 1984లో అలా రికార్డు చేసుకునేవాళ్లకు వేరే సీట్లే కేటాయించారు. షరతు ఒక్కటే. పంచుకోండి, మార్చుకోండి, అమ్ముకోకండి. ఆ టేపులు విన్నవాళ్లే టికెట్లు కొని ఊరూరా వాళ్ల వెంట తిరిగారు. రేడియోలో పెద్దగా హిట్లు లేని ఆ బ్యాండ్ 1995లో గాయకుడు జెర్రీ గార్సియా చనిపోయేదాకా మైదానాలు నింపుతూనే ఉంది. అదే దేశంలో 'ఫుగాజీ' అనే మరో బ్యాండ్ టికెట్ ధరను ఐదారు డాలర్ల దగ్గరే పట్టి ఉంచి దేశదేశాలు తిరిగింది. 1987 నుంచి 2002 దాకా పాడిన కచేరీల్లో చాలావాటిని వాళ్లే రికార్డు చేయించుకున్నారు. 2011 నుంచి ఆ రికార్డులను వందల సంఖ్యలో ఇంటర్నెట్లో పెట్టారు. ఏ ఊరు, ఏ తేదీ, టికెట్ ఎంత అన్న వివరాలతో సహా. వాళ్ల సంగీతం మాలో కొందరికి గోలగా అనిపించింది, అది వేరే సంగతి. మాకు నచ్చింది వాళ్ల రిజిస్టర్. మన హాస్టల్లో బియ్యానికి, నూనెకు, పప్పుకు రిజిస్టర్ ఉంది. పాటకు లేదు.

మన దేశంలో చూస్తే ఢిల్లీ 'ఇండియన్ ఓషన్' బృందం ఉంది. వీధి నాటకం ఆడుతుండగా దాడి చేసి చంపిన సఫ్దర్ హష్మీ జ్ఞాపకంగా ఏటా జనవరి 1న అక్కడ సభ జరుగుతుంది. 1997 జనవరి 1న ఆ సభలో వాళ్లు పాడినదే 'డెజర్ట్ రెయిన్' అనే ఆల్బమ్ అయింది. స్టూడియోలో పది టేకులు తీసుకున్నది కాదు, సభలో జనం ముందు వచ్చింది వచ్చినట్టు. ఆ బృందంలోని రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవారు. నర్మద లోయలో జనం పాడుకునే పాట ఆ దారిలోనే వాళ్ల కచేరీలకు చేరింది, కచేరీలతో పాటు సముద్రాలు దాటింది. 2010లో వీళ్లు తమ కొత్త ఆల్బమ్ '16/330 ఖజూర్ రోడ్' పాటలను నెలకొకటి చొప్పున ఇంటర్నెట్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పేరు ఏమిటనుకుంటున్నారు? కరోల్ బాగ్‌లో వాళ్లు ప్రాక్టీస్ చేసుకున్న పాత ఇంటి నంబరు. ఆ పాటల్లో వినిపించే అషీమ్ చక్రవర్తి 2009 డిసెంబర్ 25నే కన్నుమూశారు. మనిషి వెళ్లాక కూడా ఆ గొంతు, ఆ తబలా జనానికి ఉచితంగా అందాయి.

ఇక విదేశాలకు వెళ్లి పాడిరావడం సంగతి. ఇది మనకెందుకు, మనం మహబూబ్‌నగర్ దాటి పాడింది లేదు అని కొందరు నవ్వారు. నవ్వాల్సిన పని లేదు. పంజాబ్‌లోని జలంధర్‌లో గిన్నీ మాహీ అనే అమ్మాయి ఉంది. చిన్నప్పుడే రవిదాస్ పాటలు, అంబేద్కర్ పాటలు పాడడం మొదలుపెట్టింది. తోటి విద్యార్థిని కులం అడిగి, చెప్పాక 'మీవాళ్లు డేంజర్ గదా' అన్నదట. ఆ మాటనే పట్టుకుని, కులం పేరు దాచకుండా, తల ఎత్తి పాట చేసింది. ఏ సినిమా ఆమెను ముందుకు తేలేదు. పాటలు యూట్యూబ్‌లో తిరిగాయి, విదేశాల్లో స్థిరపడిన సొంత జనం విన్నారు, పిలిచారు. అలా యూరప్‌కూ కెనడాకూ వెళ్లి పాడింది. మనం నేర్చుకోవాల్సిన దారి ఇది. ముందు పాట ఉచితంగా వెళ్లింది, తర్వాత టికెట్ కొనిపెట్టి మనిషిని పిలిపించింది.

మన నగరంలో మంగళ్‌హాట్ కుర్రాడు రాహుల్ సిప్లిగంజ్ 2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ వేదిక మీద పాడితే మనందరం ఫోన్లలో చూసి కేకలు పెట్టాం. మంగళ్‌హాట్ మనకెంత దూరం? నాంపల్లి దాటితే వచ్చేస్తుంది. అయితే అది సినిమా గుర్రం ఎక్కి వెళ్లిన ప్రయాణం. ఆ గుర్రం అందరికీ దొరకదు. దానికి ముందు అతను సొంతంగా పాటలు తీసి యూట్యూబ్‌లో పెట్టుకున్న ఏళ్లు ఉన్నాయి చూడండి, మనకు పనికొచ్చేది ఆ భాగం. అలాగే హైదరాబాద్ 'చౌరస్తా' బృందం. వాళ్ల 'ఊరెళ్ళిపోతా మామ' ఏ సినిమాలో లేకుండానే జనం నోట్లోకి వెళ్లింది. 2020లో కరోనా వచ్చిన తొలి రోజుల్లో ఆ బృందం నుంచి వచ్చిన జాగ్రత్తల పాట ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. అప్పటి గాయకుడు రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్లారు. బయటి దేశాల్లో తెలుగువాళ్ల సభలు 1977 తానా సభ నుంచీ జరుగుతున్నాయి. ఆ సభల్లో సినిమా పాటకు పెద్దపీట ఉంటుందని అందరికీ తెలుసు. జానపదం పాడేవాడికి కూడా సినిమాలో ఒక పాట పడ్డాకే పిలుపు వస్తుందంటే, ఆ జానపదం వినే దారి వాళ్లకు మరొకటి లేదని అర్థం. ఆ దారి మనం వేయాలి.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారి గొంతు 2021లో 'భీమ్లా నాయక్' పాటతో ప్రపంచమంతా వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన నగర శివార్లలో రోజు కూలీగా పనిచేస్తున్నారని పత్రికలు రాశాయి. కోట్ల మంది విన్నారన్నది ఒక లెక్క, ఇంట్లో బియ్యం ఉన్నాయా అన్నది వేరే లెక్క. మొదటి లెక్క రెండోదాన్ని దానంతట అదే నింపదు. కాబట్టి ఇంటర్నెట్లో పెడితే డబ్బే డబ్బు అని మేం ఎవరికీ ఆశ పెట్టడం లేదు. యూట్యూబ్ ప్రకటనల డబ్బులో పూర్తి వాటా రావాలంటే మామూలు వీడియోలకు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ కావాలి. మన వార్షికోత్సవం వీడియోకు అంత వస్తుందని నమ్మే అమాయకులం కాము. పేరు సంగతీ అంతే. చెన్నైలో 2018లో పరై వాద్యం, గానా పాట, రాప్ కలిపి 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' వేదిక ఎక్కింది. అందులో పాడిన అరివు 2021లో 'ఎంజాయ్ ఎంజామి' పాట రాసి పాడాడు. తన అవ్వ, తాతల కూలీ బతుకు నుంచి వచ్చిన పాట అది. అదే ఏడాది ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆ పాటతో కలిపి చెప్పిన మొహాల్లో అతని మొహం లేదు. దర్శకుడు పా.రంజిత్ గొంతెత్తాక గానీ చర్చ జరగలేదు. కోట్లమంది విన్న పాటకే అలా జరిగితే మన మెస్ పాటకు జరగడంలో వింత ఏముంది?

అందుకే చట్టం కొంచెమైనా తెలిసి ఉండాలి. లా చదివే మన సీనియర్లు కూర్చోబెట్టి చెప్పినది ఇది. 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ ప్రదర్శన ఇచ్చేవాడి హక్కు గురించి చెప్తుంది. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో 38ఎ, 38బి చేరాయి. స్టేజీ మీద నువ్వు పాడినదాన్ని నీ అనుమతి లేకుండా రికార్డు చేసి వ్యాపారం చేసుకోవడం కుదరదు. ఆ పాడినవాడివి నువ్వేనని గుర్తించమని, నీ పేరుకు చెడ్డ వచ్చేలా దాన్ని మార్చవద్దని అడిగే హక్కు కూడా ఉంది. రాసినవాడి హక్కు వీటికి వేరే. కాబట్టి ఎవరైనా వచ్చి "తమ్ముడూ, ఇక్కడో సంతకం పెట్టు, నిన్ను స్టార్‌ను చేస్తాం" అంటే ఆ కాగితం ఫోటో తీసి ముందు సీనియర్లకు చూపించండి. సర్వహక్కులు అన్న మాట ఉంటే పెన్ను జేబులోనే ఉంచండి. మనం కూడా నీతిగా ఉండాలి. సినిమా ట్యూన్ మీద మన మాటలు పెట్టి పాడినవి పెట్టవద్దు. యూట్యూబ్ ఆ ట్యూన్‌ను పట్టుకుంటే వచ్చే పైసలు కంపెనీకి పోతాయి, లేదా వీడియోనే పోతుంది. మన దగ్గర సొంత బాణీలకు కరువా?

ఇప్పుడు పని మాట. వార్షికోత్సవం రాత్రి ఎలా రికార్డు చేయాలో నెల రోజులుగా డాబా మీద పరీక్షించాం. ఫోన్‌ను ముందు వరసలో పట్టుకుంటే డప్పు మోత తప్ప మాట వినపడదు. డప్పు దెబ్బకు ఫోన్ మైకు పగిలినట్టు మోగుతుంది, పాడేవాడు మూగవాడవుతాడు. వెనక్కి పోతే మన తమ్ముళ్ల కబుర్లే పాట కంటే ఎక్కువ. తేలింది ఏమిటంటే, మైకుసెట్టు అన్నను బతిమాలి మిక్సర్ నుంచి ఒక వైరు తీసుకుని గొంతును నేరుగా ఒక ఫోన్లోకి తీసుకోవాలి. డప్పుకూ జనానికీ ఇంకో ఫోన్‌ను పది పదిహేను అడుగుల దూరంలో ఎత్తుగా పెట్టాలి. రెండింటినీ తర్వాత కలుపుకోవాలి. మొదట ఒక చప్పట్లు కొడితే కలపడం సులువు. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రిహార్సల్ రోజు మూడో పాట మధ్యలో ఒక తమ్ముడికి వాళ్ల అమ్మ ఫోన్ చేసింది, రికార్డింగ్ అక్కడితో సరి.

పాట మొదలుపెట్టే ముందు పాడేవాడు మైకులో నాలుగు మాటలు చెప్పాలి. నా పేరు ఫలానా, మాది ఫలానా ఊరు, ఈ పాట రాసింది ఫలానా, ఎవరి దగ్గర నేర్చుకున్నాను. ఆ మాటలు వీడియోలో ఉంటే తర్వాత ఎవడు ఎత్తుకుపోయినా కత్తిరించాల్సిందే, కత్తిరించినట్టు తెలిసిపోతుంది. ఇష్టం లేనివాళ్లను బలవంతం చేయం. కొందరి ఇళ్లలో, ముఖ్యంగా ఇంకా అప్పులూ పంచాయితీలూ నడుస్తున్న ఊళ్లలో, దొరల మీద పాడిన పాట బయటపడితే నాన్నకు ఇబ్బంది అవుతుందని మాతో చెప్పారు. వాళ్ల పాటలు రికార్డు చేస్తాం, రిజిస్టర్‌లో రాస్తాం, వాళ్లు సరే అన్ననాడే బయట పెడతాం. పద్దెనిమిది నిండని తమ్ముళ్ల విషయంలో ఇంటివాళ్లను అడిగే పెడతాం.

విదేశాల్లో ఉన్న మన హాస్టల్ అన్నలకు ఒక మాట. "వీడియోలు పంపండి తమ్ముళ్లూ, ఇక్కడ ఏప్రిల్ 14 సభలో వేస్తాం" అని మీరు అడుగుతూనే ఉన్నారు, పంపుతాం. కానీ వీడియో వేసి ఊరుకోకండి. అమెరికాలో డబ్బు తీసుకుని పాడాలంటే విజిటర్ వీసా పనికిరాదు. తమ సంస్కృతికే ప్రత్యేకమైన కళను ప్రదర్శించేవాళ్లకు పి-3 అనే వీసా ఉంది. దానికి దరఖాస్తు అక్కడినుంచే పడాలి, ఆ కళ నిజమైనదని నిపుణుల మాటలో, పాత ప్రదర్శనల ఆధారాలో జతచేయాలి. ఆధారాలంటే మళ్లీ ఇవే, తేదీ, ఊరు, పేరు ఉన్న రికార్డులు. మీ సభకు ఈ ఏడు కాకపోతే రెండేళ్లకైనా ఇద్దరు డప్పు కళాకారులను పిలవగలరా చూడండి. అది మనవాళ్లే కానక్కర్లేదు, మీ మీ ఊళ్లలో పెళ్లికీ చావుకూ కొట్టి, వేదిక మీద కుర్చీ దొరకని పెద్దమనుషులు ఉన్నారు. ముందు వాళ్లను పిలవండి. ఇక్కడి తమ్ముళ్లు మాత్రం పాస్‌పోర్ట్ తీసి పెట్టుకోండి. మామూలుగా అయితే ఫీజు 1500 రూపాయలు. టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉన్నవాళ్లు మన హాస్టల్లోనే పదిహేడు మంది తేలారు. అది సరిచేసుకునేసరికే పుణ్యకాలం గడుస్తుంది, ఇవాళే మొదలుపెట్టండి.

చివరగా పాత అన్నలకు. 1990లలో, 2000ల మొదట్లో మన హాస్టల్ వార్షికోత్సవాలను టేప్ చేసినవాళ్లు మీలో ఉన్నారని విన్నాం. ఆ క్యాసెట్లు అటక మీద ఉంటే బూజు పట్టకముందే తెచ్చివ్వండి, ఎక్కించుకుని మీవి మీకు తిరిగి ఇస్తాం. కవర్ మీద ఏ ఏడాదో, ఎవరు పాడారో గుర్తున్నంత రాయండి. గుర్తు లేకపోయినా తెండి, గొంతు విని చెప్పగలిగే వంట మామ ఇంకా మనతోనే ఉన్నాడు. క్యాసెట్ ప్లేయర్ ఒకటి గుజరాతీ గల్లీలో బాగుచేయించి రీడింగ్ రూమ్‌లో పెట్టాం. బెల్టు ఒక్కటే మార్చాల్సి వచ్చింది.